మనవాళ్ళు చూసుకుంటారు

మా బావగారి గురించి చెప్పాలంటే ముందు ఆయన వాసన గురించి చెప్పాలి. మా అక్క రెబెకాని చూడ్డానికి కొత్తపేట నుంచి బస్సెక్కి వెళ్ళేదాన్ని. నగరం అనే ఊరు దాటాక గ్యాస్ పైపు బోర్డు దగ్గర దిగి, బోదె కాలవ గట్టున నడిచి, ఇంటి గుమ్మం ఎక్కకముందే తెలిసిపోయేది ఆయన ఇంట్లో ఉన్నారో లేరో. పురుగుమందు వాసన అది. సబ్బుకి పోదు, ఎండకి పోదు. ఆయన కూర్చున్న కుర్చీకీ, పడుకున్న దుప్పటికీ పట్టేసేది. ఆ చొక్కాలన్నీ మా అక్కే ఉతికేది, చేత్తోనే.

ఆయన పేరు ప్రకాశరావు. ఊళ్ళో మాత్రం 'మందు ప్రకాశరావు' అనేవారు. కొత్తవాళ్ళు తాగుబోతేమో అనుకునేవారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. వీపుకి స్ప్రేయరు తగిలించుకుని అందరి చేలల్లో మందు కొట్టే మనిషి కాబట్టి ఆ పేరు. సొంతంగా ఎకరన్నర ఉంది కానీ కూలిపని లేకపోతే ఇల్లు గడవదు. గాలివాటం చూసి నడవడంలో, వరి దుబ్బు అడుగు దాకా తడపడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. మూతికి తువ్వాలు కట్టుకుంటే అదే రక్షణ. సాయంత్రానికి తల తిరిగితే మజ్జిగ తాగి పడుకునేవారు. మందు కలిపేది అక్క. బకెట్లో నీళ్ళు పోసి, డబ్బా వంచి, కర్ర దొరక్కపోతే కొబ్బరి మట్ట ముక్కతో తిప్పేది. వాళ్ళ కాపురం అలా ఒక బకెట్ చుట్టూ చాలా ఏళ్ళు నడిచింది.

ఒక సార్వాకి, అదే వానాకాలం పంటకి, వ్యవసాయ శాఖ వాళ్ళు ఆ ఊళ్ళో పొలంబడి పెట్టారు. చేలోనే బడి, రైతులే పిల్లలు. నేర్పించడానికి హిమజ అని ఒక అమ్మాయి వచ్చేది. మగవాళ్ళు రెండు రోజులు వచ్చి మానేశారు. మా అక్క మాత్రం మానలేదు. "టీ, సమోసా ఇత్తన్నారే, ఎందుకు మానేయాలి?" అని నాతో అంది. కానీ నేను ఎరుగుదును దాన్ని. చిన్నప్పుడు చీమల వెంట చెరుకు తోట దాకా వెళ్ళి తప్పిపోయిన రకం.

అక్కడ హిమజ వరి దుబ్బుని ఒక పక్కకి వంచి, అరచేత్తో తట్టి, అడుగున నీళ్ళలోకి ఏం రాలిందో చూడమనేదట. రాలినవాటిలో దోమలు ఉంటాయి. మనుషుల్ని కుట్టే దోమ కాదు, వరి దోమ. నీటికి జానెడు పైన గుంపుగా కూర్చుని కాడలోంచి రసం పీల్చేస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగా కళకళలాడుతూనే ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే చూస్తే నడిమధ్యలో గుండ్రంగా, ఎవరో మరిగే నీళ్ళు కుమ్మరించినట్టు ఎండిపోయి ఉంటుంది. ఆ సుడి పెరుగుతూ పోతుంది. కోనసీమలో ఎకరాలకి ఎకరాలు ఇలా పోయిన ఏళ్ళున్నాయి.

అదే నీళ్ళలోకి సాలీళ్ళు కూడా రాలుతాయి. ఆకుపచ్చటి నల్లులు, అక్షింతల పురుగులు రాలుతాయి. దోమని తినేవి ఇవే. మా అక్కకి వీటిని చూస్తే చెప్పలేనంత ముద్దు. ఇంటికొచ్చి మొగుడితో అంది:

"ఇవి మనవాళ్ళండీ. మీరు కొట్టే మందుకి ముందు చచ్చేది వీళ్ళేనంట."

"మనవాళ్ళయితే ఆదివారం చర్చికి రమ్మను," అన్నారు బావగారు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో సాలీళ్ళకి మనవాళ్ళు అని పేరు. బయట అంటే నవ్విపోతారని ఆ మాటని గట్టు దాటనివ్వలేదు. ఇంట్లో మాత్రం "మనవాళ్ళు బాగున్నారా?" అంటే సాలీళ్ళ సంగతే. నేను వెళ్తే నాతోనూ అలాగే మాట్లాడేవారు. నాకు చిరాకేసేది మొదట్లో. టైలరింగ్ షాపు నడుపుకునేదాన్ని, నాకు సాలీడు అంటే బీరువా వెనక చీపురుతో దులిపేది.

ఇద్దరికీ పంతం వచ్చి, ఒక ఏడు ఎకరన్నరనీ రెండు చేశారు. మధ్యలో గట్టు వేశారు. తూర్పు ముక్క అక్కది, పడమర ముక్క బావగారిది. అక్క తన ముక్కలో నాట్లప్పుడే మధ్య మధ్య కాలిబాటలు వదిలింది, దుబ్బుల అడుక్కి గాలీ వెలుతురూ తగలాలని. అంత నేల ఉత్తినే వదిలేసిందని ఊరంతా నవ్వింది. దోమ కనపడగానే నీళ్ళు తీసేసి చేనుని ఆరబెట్టింది. ఆ నీళ్ళు పోవాలంటే పక్క రైతు గంగబాబు గారి చేలోంచే దారి. ఆయన మారుమాట్లాడకుండా గట్టు కొట్టి దారిచ్చారు. గంగబాబు గారికీ మా బావగారికీ చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. గట్టు పక్క గట్టు కాబట్టి ఒకరినొకరు బావా అనుకునేవారు. అంత మంచి మనిషి ఆ ఊళ్ళో లేడు. ఈ మాట నేను కావాలనే ముందు చెబుతున్నాను.

బావగారు తన ముక్కలో బాగా ఘాటైన మందు, అదీ రెండు రకాలు కలిపి కొట్టారు. మర్నాడు దోమంతా రాలిపోయింది. అక్కని ఆట పట్టించారు. పక్షం తిరక్కుండా పడమర ముక్కలో సుడి లేచింది. తూర్పు ముక్కలో లేవలేదు.

"దోమ గుడ్లు కాడ లోపలుంటాయండీ, వాటికి మీ మందు తగల్దు," అని చెప్పింది అక్క. "పైనున్న మనవాళ్ళందరూ చచ్చేరు. గుడ్లు పగిలి పిల్లలొచ్చేసరికి తినేవాళ్ళు లేరు."

 బావగారు స్ప్రేయరుని కడిగి అటక మీద పెట్టేశారు. సొంత చేలోనే కాదు, ఎవరి చేలోనూ మళ్ళీ కొట్టలేదు. కూలి పోయింది. కొబ్బరి దింపుకి వెళ్ళారు, కొబ్బరి పీచు మిల్లుకి వెళ్ళారు. పేరు మాత్రం పోలేదు, మందు ప్రకాశరావే. ఆయన పక్కన కూర్చుంటే ఏ వాసనా లేదని నేను గమనించడానికి ఏడాది పట్టింది.

ఆ ఎకరన్నరలో ఏళ్ళ తరబడి మందు చుక్క పడలేదు. గట్ల మీద బంతిపూలు, మధ్యలో పిట్టలు వాలడానికి పాతిన కొమ్మలు, తెల్లవారుజామున మంచు పట్టి మెరిసే సాలెగూళ్ళు. మా అక్క రోజూ పొద్దున్నే వెళ్ళి దుబ్బు తట్టి చూసి వచ్చేది. ఆ ఇంట్లో బయటి బియ్యం వండలేదు. నా దగ్గరకి కొత్తపేట వచ్చినా సంచీలో సొంత బియ్యం తెచ్చుకునేది. "నీకు ఇంత పొగరేంటే" అంటే నవ్వేది.

మూడేళ్ళ కిందట దాని కాళ్ళు వాచాయి. కిడ్నీలు పోయాయన్నారు. ఎందుకు పోయాయో చెప్పలేమన్నారు డాక్టర్లు. బావగారికి మాత్రం ఏ సందేహమూ లేదు. "శారోన్, మీ అక్క నా చొక్కాలు ఉతికింది, నా బకెట్టు కలిపింది," అన్నారు నాతో ఒకసారి, కాకినాడ ఆసుపత్రి మెట్ల మీద. కాదని చెప్పడానికి నేనెవర్ని, అవునని చెప్పడానికి నేనెవర్ని. 

డయాలిసిస్ మీద నెట్టుకొచ్చింది. కిందటి సార్వాలో వరి పొట్ట మీద ఉండగా మళ్ళీ కాకినాడలో చేర్చాం, ఈసారి ఊపిరి ఆడక. షాపు మూసేసి నేనూ వెళ్ళిపోయాను. దానికి తెలుసు. మాకూ తెలుసు. ఒక మధ్యాహ్నం బావగారి చెయ్యి పట్టుకుని అంది:

"నేనున్నా లేపోయినా నా చేను నా చేనులాగే ఉండాలండీ. ఆ వాసన మళ్ళీ అందులోకి రాకూడదు. మాటివ్వండి."

"ఇచ్చేను," అన్నారు బావగారు.

అది అడిగింది అదొక్కటే. పిల్లలు లేరు వాళ్ళకి. బంగారం ఎప్పుడో పోయింది. దానిదంటూ మిగిలింది ఆ ఎకరన్నరే.

మర్నాడు బావగారి ఫోన్ మోగింది. గంగబాబు గారు. ఒక చేత్తో అక్కకి గ్లాసు పట్టుకుని ఉన్నారు కాబట్టి స్పీకర్ పెట్టారు. అందరం విన్నాం.

"బావా, చెల్లెమ్మకెలా ఉంది?"

"అలాగే ఉంది గంగబాబూ."

"దేవుడున్నాడు బావా. ఇదిగో, ఇక్కడ దోమ దిగింది. ఏరియా అంతా దిగింది. మేవందరం రేపు కొట్టేత్తన్నాం. నీ చేను సంగతేంటి మరి? నువ్వక్కడున్నావు కదా."

బావగారు అక్క వైపు చూశారు. అక్క కళ్ళు తెరిచే ఉంది.

"మనవాళ్ళు చూసుకుంటార్లే గంగబాబూ," అన్నారు.

"ఆయ్! ఆ మాట చాలు బావా. నువ్వు బెంగెట్టుకోకు. చెల్లెమ్మని చూసుకో," అని ఫోన్ పెట్టేశారు గంగబాబు గారు.

అక్క నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక అది నవ్వడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. బావగారు గ్లాసు దాని పెదాలకి ఆనించారు. "మనవాళ్ళు ఎంతమందున్నారో ఈసారి," అంది, "నేను చూడనే లేదు." ఆ వారం దాటకుండానే పోయింది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఎవరి మీదో తర్వాత తెలిసింది, అదే ఘోరం.

సమాధి అయ్యాక ఆదరణ కూడిక పెట్టారు. ఇంటిముందు షామియానా, అద్దె కుర్చీలు. పాస్టర్ గారు వాక్యం చెప్పారు. అక్క గురించి మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడవచ్చన్నారు. ఊళ్ళో హిందువులూ వచ్చారు చాలామంది. గంగబాబు గారు లేచి నిలబడ్డారు. తువ్వాలు చేతుల్లో నలుపుతున్నారు, మైకు ముందు ఎప్పుడూ నిలబడ్డ మనిషి కాదు.

"చెల్లెమ్మ రెబెకమ్మ గురించి నేనేం చెప్పగల్నండీ. మా గట్టు మీద నడిచిన మహాలక్ష్మండి. ఆవిడ కాకినాడలో ఉంటే, మా బావ ఫోన్లో ఒక్కటే మాటన్నాడండి. మనవాళ్ళు చూసుకుంటారు అన్నాడండి. ఆ మాటకి మాకు కళ్ళంట నీళ్ళొచ్చేసేయండి. ఇన్నేళ్ళూ మందు కొట్టనివ్వని చేనుని మాకొదిలి, మమ్మల్ని మనవాళ్ళు అన్నాడు కదండీ. అందుకే మా చేలకన్నా ముందు ఆ ఎకరన్నరా కొట్టేవండి. బావ దగ్గర రూపాయి అడక్కుండా అందరం తలో చెయ్యీ వేసి, మంచి మందు, షాపులో ఉన్నవాటిలో పెద్ద మందు, రెండూ కలిపి, దుబ్బు దుబ్బుకీ తగిలేలా కొట్టేవండి. ఎలా కొట్టాలో మాకు నేర్పింది బావే కదండీ. బావా, చేను పచ్చగా ఉంది. నువ్వు దిగులెట్టుకోకు."

కుర్చీల్లోంచి ఆయ్, ఆయ్ అన్నారు. ఎవరో ఆడవాళ్ళు ముక్కు చీదారు.

నేను లేచాను. ఏం అరవబోయానో నాకే తెలియదు, కానీ అరిచేదాన్ని. బావగారు నా మణికట్టు పట్టుకున్నారు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నారు. ఆయన ముఖం చూశాను. అక్కని మట్టిలో దించినప్పుడు కూడా అలా లేదు ఆ ముఖం.

"ఆయ్, గంగబాబూ," అన్నారు.  "బాగా చూసుకున్నారు."

తర్వాత ఆయనే లేచి భోజనాలు వడ్డించారు. గంగబాబు గారి విస్తట్లో రెండోసారి కూర వేశారు.

అందరూ వెళ్ళాక నేను ఆయన్ని దులిపేశాను. "చెప్పొచ్చు కదండీ! మీరన్నది సాలీళ్ళనని చెప్పొచ్చు కదా!"

"చెప్పి?" అన్నారు. "మిమ్మల్ని కాదు నేను మనవాళ్ళన్నది, పురుగుల్ని అని చెప్పనా? అంత పని చేసినోళ్ళతో?"

  చెడ్డవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఎంత తేలికో నాకు ఆ రోజే తెలిసింది.

పొద్దున్నే ఇద్దరం చేలోకి వెళ్ళాం. గట్టు దగ్గరికి రాగానే ఆ వాసన. అన్ని వానలు పడ్డా నాకు తగిలింది, లేదా తగిలిందనుకున్నాను. చేను పచ్చగానే ఉంది, గంగబాబు గారు అబద్ధం చెప్పలేదు. సాలెగూళ్ళు లేవు. బావగారు కాలిబాటలో దిగి, దుబ్బు వంచి, అరచేత్తో తట్టారు. నీళ్ళలోకి ఏమీ రాలలేదు. ఇంకో దుబ్బు తట్టారు. ఇంకోటి. చేను ఆ చివర దాకా తడుతూ వెళ్ళారు. వెనక్కి వచ్చి కాడ ఒకటి చీల్చి నాకు చూపించారు. లోపల సన్నగా, బియ్యపు నూకలో సగం లేనివి, వరసగా అంటుకుని ఉన్నాయి.

"గుడ్లు," అన్నారు.

నీళ్ళు తీసి ఆరబెడదామంటే అల్పపీడనం పట్టింది. పైన వాన, కింద మురుగు కాలువ నిండి వెనక్కి తన్నుతోంది. గంగబాబు గారు ఎప్పట్లాగే గట్టు కొట్టి దారిచ్చారు కానీ ఆయన చేలోనే మోకాలి లోతు. వేపనూనె కొడితే వాన కడిగేసింది. అప్పుడు మా బావగారు ఒక పని చేశారు. ఆసుపత్రికి అక్క కోసం భోజనం పట్టుకెళ్ళిన స్టీలు క్యారేజీ తీసుకున్నారు. కాలవ గట్లూ, కొబ్బరి తోటలూ, చర్చి వెనక తుప్పలూ తిరిగి, సాలీళ్ళని ఒక్కోదాన్నీ పట్టి, క్యారేజీలో వేసి, తెచ్చి చేలో వదిలారు. వానలో, గొడుగు లేకుండా, ఏభై దాటిన మనిషి. నేనూ పట్టాను. భయమేసింది, పట్టాను. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, "పాపం, రెబెకమ్మ పోయాక మనిషి అదోలా అయిపోయేడు," అనుకున్నారు. ఒకావిడ ఆయన మతి కోసం ప్రార్థన చేయించింది కూడా.

వాన వెలిసిన మర్నాడు మధ్యలో సుడి కనిపించింది. అది ఆగలేదు. చుట్టుపక్కల వాళ్ళకీ లేచింది, మళ్ళీ కొట్టారు, మళ్ళీ మళ్ళీ కొట్టి ఎలాగో గట్టెక్కారు. మా ఎకరన్నరకీ కొడతామని ట్యాంకులు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చారు. ఈసారి బావగారు స్పష్టంగా, ఎవరికీ వేరే అర్థం రాకుండా, వద్దన్నారు. కోతల నాటికి చేలో కోయడానికి ఏమీ లేదు. గడ్డి పశువులు కూడా ముట్టలేదు. గంగబాబు గారు గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"మాదే తప్పు బావా. రెండో దఫా కూడా అడక్కుండా కొట్టేయాల్సింది. నిన్నడిగి ఆలస్యం చేసేం."

బావగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

క్రిస్మస్ ముందు నేను వెళ్ళాను. వసారాలో బియ్యం బస్తా ఒకటి ఉంది. కొత్త బియ్యం. గంగబాబు గారూ, ఆ గట్ల మీది రైతులూ తలా కొంత ధాన్యం వేసి, మిల్లు ఆడించి, ఆయనే స్వయంగా మోసుకొచ్చి దించి వెళ్ళారట. తీసుకోనని ఎలా అంటారు ఎవరైనా. తీసుకుని మంచినీళ్ళిచ్చి పంపించారట.

"వండలేదా ఇంకా?" అని అడిగాను.

"నువ్వొత్తావని చూత్తన్నాను," అన్నారు.

ఆయనే కడిగి ఎసట్లో పోశారు. మూత తీసినప్పుడు ఇల్లంతా అన్నం వాసన వచ్చింది, మామూలు అన్నం వాసనే, కమ్మగా. రెండు కంచాల్లో పెట్టారు. మూడో కంచం అలమరలో బోర్లించే ఉంది. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు, మధ్యలోనే ఆమెన్ అనేశారు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మా అక్క ఏళ్ళ తరబడి ఈ గుమ్మంలోకి రానివ్వనిది ఇదే.

"తిను శారోన్," అన్నారు బావగారు, ముద్ద కలుపుకుంటూ. "మనవాళ్ళు పెట్టేరు."

తిన్నాను.